రాయాల్సింది వాళ్లు, అడగాల్సింది మీరు

మీ అబ్బాయి సీనియర్ ఇంటర్‌లో ఉన్నాడు. విదేశంలో డిగ్రీ చదివించాలని ఇంట్లో అనుకున్నారు. మార్కుల మెమోలు, పాస్‌పోర్టు, ఇంగ్లిష్ పరీక్ష, బ్యాంకు కాగితాలు ఒక్కొక్కటిగా సమకూరుతున్నాయి. ఒక్కటి మాత్రం కదలడం లేదు. అదే పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే తన గురించి తానే రాయాల్సిన వ్యాసం. “రాశావా?” అంటే “రాస్తాను” అంటాడు. రెండు వారాలాగి అడిగినా అదే మాట. గట్టిగా నిలదీస్తే, “నా గురించి రాయడానికి ఏముంది నాన్నా?” అంటాడు.

అది బద్ధకంతో అన్న మాట కాదు. వాడికి నిజంగానే తెలియదు. ఎలా తెలుస్తుంది చెప్పండి? మన చదువుల్లో పిల్లల్ని వాళ్ల గురించి వాళ్లను రాయమన్నది ఎవరు? చిన్న తరగతిలో ‘నా గురించి’ అని టీచరు బోర్డు మీద రాసిన పది వాక్యాలు చూసి రాసుకున్నారు. ఆ తర్వాత అంతా గైడ్లు, బిట్ బ్యాంకులు, స్టడీ అవర్లు. ఈఏపీసెట్‌కూ (ఒకప్పటి ఎంసెట్) జేఈఈకీ ర్యాంకు చాలు. నువ్వెవరు, ఇది ఎందుకు చదవాలనుకుంటున్నావు అని ఆ పరీక్షలు అడగవు. ఏళ్ల తరబడి ‘కీ’లో ఉన్న జవాబు కోసం వెతికిన పిల్లవాడిని, ఎక్కడా కీ లేని ప్రశ్న ముందు కూర్చోబెట్టాం. కంగారు పడకుండా ఎలా ఉంటాడు?

అయితే నేనే రాసిస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. మీకు ఇంగ్లిష్ బాగా వస్తే ఆ కోరిక ఇంకా బలంగా ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. పదిహేడేళ్ల వాడి పేరుతో నలభై అయిదేళ్ల మనిషి రాస్తే రెండో పేరాకే తెలిసిపోతుంది. చదివేవాళ్లు రోజూ చూసేవి అవే కదా. పైగా ఇది తన సొంత రాత అని విద్యార్థి అప్లికేషన్‌లో హామీ ఇస్తాడు. మొదటి అడుగే అబద్ధంతో వేయిస్తామా? మీరు చేయగలిగిన, మీరే చేయాల్సిన పని వేరే ఉంది. ఈ అధ్యాయమంతా దాని గురించే.

ముందుగా, అడుగుతున్నది ఏమిటో చూడండి

చాలా ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. “మా బాబాయి కొడుకు ఎం.ఎస్.కి వెళ్లినప్పుడు రాసిన ఎస్.ఓ.పి. ఉంది, అది చూసి రాయి” అంటారు. ఎం.ఎస్. అప్లికేషన్‌కు రాసే ఎస్.ఓ.పి. (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్)లో బీటెక్ ప్రాజెక్టులు, పరిశోధన, ఏ ప్రొఫెసర్ దగ్గర పని చేయాలనుకుంటున్నారు వంటివి ఉంటాయి. ఇంటర్ పిల్లల దగ్గర అవి ఉండవు, వాళ్లను ఎవరూ అవి అడగరు కూడా. ఆ కాగితాన్ని పక్కన పెట్టేయండి.

అమెరికాకు, బ్రిటన్‌కు అడిగే తీరు కూడా ఒకటి కాదు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ‘కామన్ యాప్’ ద్వారా అప్లికేషన్లు తీసుకుంటాయి. అందులో ప్రధాన వ్యాసం 250 నుంచి 650 పదాల మధ్య ఉండాలి. ఏడు ప్రశ్నలిచ్చి ఒకటి ఎంచుకోమంటారు, అందులో ఏడోది ‘నీకు నచ్చిన అంశం’. అక్కడ వాళ్లకు తెలియాల్సింది ఈ విద్యార్థి ఎలాంటి మనిషి అన్నది. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలైన బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో వగైరాలది వేరే దారి. ఎనిమిది ప్రశ్నలిస్తారు, నాలుగింటికి రాయాలి, ఒక్కో జవాబు 350 పదాలకు మించకూడదు.

బ్రిటన్‌కు ‘యూకాస్’ ద్వారా వెళ్లాలి. అక్కడ 2026 ప్రవేశాల నుంచి పద్ధతి మారింది. ఇదివరకటిలా ఒకే పెద్ద వ్యాసం కాకుండా మూడు ప్రశ్నలు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావు? నీ చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది? తరగతి బయట ఏం చేశావు, అది దీనికి ఎలా పనికొస్తుంది? మూడూ కలిపి, ఖాళీలతో సహా 4,000 అక్షరాలు. ఒక్కోదానికీ కనీసం 350 అక్షరాలు ఉండాలి. ఎంచుకున్న అయిదు కోర్సులకూ ఇదే వెళ్తుంది, కాబట్టి అందులో ఏ ఒక్క విశ్వవిద్యాలయం పేరూ రాయకూడదు. వాళ్లు చూసేది సబ్జెక్టు మీద పిల్లవాడికి ఉన్న ఆసక్తి ఎంత లోతైనదన్నది. అమెరికాకు రాసిన కథ ఇక్కడ అతికిస్తే సగం వృథా అవుతుంది.

మన దేశంలోనూ సోనీపత్‌లోని అశోకా లాంటి చోట్ల వ్యాసాలు అడుగుతున్నారు. కింద చెప్పే పద్ధతి వాటికీ పనికొస్తుంది.

1. రాయించే ముందు మాట్లాడించండి

ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి “రాయి” అంటే ఎవరికీ రాదు. మొదటి వారం రాత జోలికే వెళ్లకండి. మాట్లాడండి. అయితే ఎలా మాట్లాడతామన్నది ముఖ్యం. ఈ సంభాషణ చూడండి.

“నీ బలాలేంటో చెప్పు.”
“తెలీదమ్మా. కష్టపడతాను.”
“ఇంకా?”
“టీమ్‌వర్క్.”
“ఏదైనా గొప్పగా చెప్పు నాన్నా, వాళ్లు ఇంప్రెస్ అవ్వాలి కదా.”
“నాలో అంత గొప్పేం లేదులే.”

తలుపు మూసుకుంది. తప్పు పిల్లవాడిది కాదు, ప్రశ్నది. ‘బలాలు’ అనగానే వాడి బుర్రలో ఇంటర్వ్యూ పుస్తకం తెరుచుకుంటుంది. అదే వాడిని ఇలా అడిగారనుకోండి:

“నిన్న రాత్రి పక్కింటి చింటూగాడికి లెక్కలు చెబుతున్నావు కదా, వాడికి అర్థమైందా?”
“మొదట కాలేదమ్మా. భిన్నాలంటే వాడికి భయం. దోసె కోసి చూపించా.”
“దోసెతోనా?”
“ఆ, సగం, పావు అంటే వచ్చింది. ఒకటి బై మూడు అనేసరికి కోయడం కుదర్లేదు. అప్పుడు తాడు తెచ్చి మూడు మడతలు పెట్టా.”

ఇప్పుడు చూడండి. ఒక పిల్లవాడు కనిపిస్తున్నాడు. ఎదుటివాడికి ఎందుకు అర్థం కావడం లేదో ఆలోచించేవాడు, ఒక దారి మూసుకుంటే ఇంకో దారి వెతికేవాడు. ఆ మాటలు వాడు ఒక్కసారి కూడా వాడలేదు, అయినా మనకు తెలిసిపోయింది. వ్యాసం చేయాల్సిన పని ఇదే.

జరిగిన పని గురించి అడగండి, గుణం గురించి అడగకండి. ‘నీకు ఓర్పు ఉందా’ అన్నది గుణం. ‘ఏ పని మొదలుపెడితే నీకు టైమ్ తెలియదు’ అన్నది పని. జవాబు వచ్చాక వెంటనే మెచ్చుకోవద్దు, సలహా అసలే ఇవ్వొద్దు. “ఆ తర్వాత?” అనండి. “అప్పుడేమనుకున్నావు?” అనండి. ఈ రెండు ప్రశ్నలు చాలా దూరం తీసుకెళ్తాయి.

2. తెలుగులోనే చెప్పనివ్వండి

ఇది చిన్న సూచనే, కానీ చాలామంది పట్టించుకోరు. ఇంటి విషయాలు పిల్లలకు తెలుగులోనే గుర్తుంటాయి. తాతయ్య తిట్టిన తిట్టు, స్నేహితుడు బస్సులో అన్న మాట ఇంగ్లిష్‌లో అడిగితే బయటికి రావు. వాడు చెబుతుండగా, వాడికి చెప్పే, ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత ఆ రికార్డు విని వాడే ఇంగ్లిష్‌లో రాసుకోవాలి. అలా రాస్తే వాక్యాలు చిన్నవిగా, సూటిగా వస్తాయి. అవే కావాలి. డిక్షనరీలో ఏరి తెచ్చిన ‘ప్లెథోరా’, ‘మల్టీఫేసెటెడ్’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయించండి. ఇంగ్లిష్ ఎంత వచ్చో చూడడానికి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లాంటి పరీక్షలు వేరే ఉన్నాయి.

3. ‘నేనేం చేయలేదు’ అంటే నమ్మకండి

కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు గడిపిన పిల్లల నోట ఎక్కువగా వచ్చే మాట ఇది. పొద్దున్నే లేస్తే రాత్రి దాకా క్లాసు, స్టడీ అవరు, వారం వారం టెస్టు. క్లబ్బులు, డిబేట్లు, ఎన్జీవోలు ఎక్కడివి? నిజమే. అంతమాత్రాన వాళ్ల జీవితం ఖాళీ కాదు.

కామన్ యాప్‌లో పది కార్యకలాపాలు నమోదు చేసే జాబితా ఒకటి ఉంటుంది. అందులో క్రీడలు, సంగీతంతో పాటు ‘కుటుంబ బాధ్యతలు’, ‘జీతానికి చేసే పని’ అన్న వర్గాలూ ఉన్నాయి. మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంటి పని కూడా లెక్కలోకి వస్తుందని ఆ ఫారమే చెబుతోంది. నాన్న టిఫిన్ సెంటర్లో ఆదివారాలు గల్లా దగ్గర కూర్చోవడం, తమ్ముణ్ణి బడికి తయారు చేయడం, అమ్మ కుట్టుమిషన్ కొలతల పుస్తకం చూడడం, పొలంలో మోటారు వేయడానికి రాత్రి కరెంటు కోసం కాచుకోవడం... ఇవన్నీ రాయదగ్గవే. ఒక్కోదానికి 150 అక్షరాల్లో ఏం చేశాడో చెప్పాలి, కనుక గొప్పలకు చోటుండదు. పనులకే చోటు.

మీకు వెంటనే గుర్తు రాకపోతే ఈ ప్రశ్నలు అడిగి చూడండి:

ఇంట్లో ఏది పాడైతే అందరూ నిన్ను పిలుస్తారు?
సిలబస్‌లో లేకపోయినా నువ్వు వెతుక్కుని చూసింది, చదివింది ఏది?
పెద్దవాళ్లు చెప్పింది తప్పని ఎప్పుడనిపించింది? అప్పుడేం చేశావు?
హాస్టల్లో నీ రూమ్మేట్లు నీ దగ్గరికి దేనికోసం వస్తారు?
నీ అభిప్రాయం మారిన విషయం ఒకటి చెప్పు.

మూడో ప్రశ్నకు జవాబు మీ మీదే రావచ్చు. ఓపిగ్గా వినండి.

4. పెద్ద విషయం అక్కర్లేదు, దగ్గరి విషయం కావాలి

దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడదాం. పిల్లలు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఇంటి అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. ఎంఈసీ చదువుతున్నాడు, బ్రిటన్‌లో ఎకనామిక్స్ చేయాలని కోరిక. మొదటి రాత ఇలా వచ్చింది: ‘ఆర్థికశాస్త్రం ప్రపంచాన్ని నడిపిస్తోంది. చిన్నప్పటి నుంచి నాకు ఈ సబ్జెక్టంటే మక్కువ. దేశ పేదరికాన్ని నిర్మూలించడమే నా ఆశయం.’ ఇందులో అబద్ధం ఏమీ లేకపోవచ్చు. కానీ ఈ మూడు వాక్యాలూ ఎవరైనా రాయొచ్చు. గుంటూరు చూడని వాళ్లు కూడా.

నాన్న వాణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: “సీజన్లో నాతో యార్డుకొచ్చేవాడివి కదరా, అక్కడ నీకు అర్థం కానిది ఏమిటి?” అబ్బాయి ఆలోచించి చెప్పాడు. ఒకే రైతు, ఒకే రోజు, అదే తేజ రకం తెచ్చాడు. కొనేవాళ్లు బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, నలిపి తేమ చూసి, రెండు లాట్లకు రెండు ధరలు చెప్పారు. రైతు తనకు గిట్టదన్నాడు. కోల్డ్ స్టోరేజీలో పెడితే తర్వాత మంచి ధర రావచ్చు. అయినా పెట్టలేదు, ఆ ధరకే ఇచ్చేశాడు. ఎందుకు? ఎరువుల కొట్టులో అప్పుంది, దాని మీద వడ్డీ నడుస్తోంది. పక్క రైతుకు అప్పు లేదు, ఆయన ఆగాడు. ‘సరుకు ఒకటే, మార్కెట్టు ఒకటే, ఆగగలిగినవాడికి ఒక ధర, ఆగలేనివాడికి ఇంకో ధర ఏమిటి?’ అన్నది ఆ అబ్బాయికి అర్థం కాని సంగతి.

అది అచ్చమైన ఆర్థికశాస్త్ర ప్రశ్న. సరుకు నాణ్యత గురించి ఎవరికి ఎంత తెలుసు, అప్పు ఎవరి చేతులు కట్టేస్తుంది అన్నవాటి మీద పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు పని చేశారు. ఇప్పుడు యూకాస్ మొదటి ప్రశ్నకు వాడికి జవాబు దొరికింది: ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు కాబట్టి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కలిసి 2011లో తెచ్చిన ‘పూర్ ఎకనామిక్స్’ తెచ్చుకుని, అందులో అప్పుల గురించి చెప్పిన భాగాలు చదివి, తాను చూసినదానితో ఎక్కడ కలుస్తోంది, ఎక్కడ కలవడం లేదు అని నాలుగు వాక్యాలు రాస్తే ఆ జవాబు ఇంకా గట్టిపడుతుంది. పుస్తకం పేరు రాసి వదిలేస్తే మాత్రం ఏమీ లాభం లేదు. చదివి ఏమనుకున్నాడో రాయాలి. రెండో ప్రశ్నకు ఎంఈసీలో నేర్చుకున్న లెక్కలు, డిమాండ్ సప్లై పాఠాలు యార్డును చూసే చూపును ఎలా మార్చాయో చెప్పొచ్చు. మూడోదానికి, నాన్న పాత లెక్కల పుస్తకాలు ముందేసుకుని, ధరలు నెలవారీగా ఎక్కించి గీసిన గ్రాఫు ఉంది.

అదే అబ్బాయి అమెరికాకు రాయాలంటే? అదే యార్డు, కానీ చూపు వేరే. రైతుకు ధర చెప్పేవాళ్ల పక్కన నిలబడినవాడు తన నాన్న. తామూ ఆ ధర మీదే బతుకుతున్నామని తెలిసినప్పుడు వాడికేమనిపించింది? నాన్నతో ఏం మాట్లాడాడు? ఆయనేమన్నాడు? ఆ తర్వాత వాడిలో ఏం మారింది? అక్కడ సబ్జెక్టు వెనక్కి వెళ్లి మనిషి ముందుకొస్తాడు.

అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకూ ఇదే మాట. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్ల నుంచి కూచిపూడి అరంగేట్రం వ్యాసాలు, ‘సెలవుల్లో ఇండియా వెళ్లి పేదరికం చూసి మారిపోయాను’ వ్యాసాలు చాలానే వెళ్తాయి. అరంగేట్రం గురించి రాయకూడదని నేననను. అరంగేట్రం చేసిన పాపకు అందులో తనకంటూ ఉన్నది ఏమిటో అడగండి. సత్యభామ జడ వేసుకోవడం ఇష్టమా? తనకు అర్థం కాని తెలుగు పాటకు అభినయం పట్టడం ఎలా ఉంటుంది? అమ్మమ్మకు ఫోన్ చేసి ఒక్కో మాటకూ అర్థం అడిగి రాసుకున్న నోటుబుక్కు ఉందా? ఆ నోటుబుక్కు గురించి రాయమనండి. ఇండియా ప్రయాణం మాత్రం జాగ్రత్త. రెండు వారాల్లో చూసిన ఎవరి పేదరికాన్నో తన ఎదుగుదలకు మెట్టుగా వాడుకున్నట్టు కనిపిస్తుంది. అలా వాడుకోవడం న్యాయం కూడా కాదు.

5. మొదటి వాక్యం కోసం వారాలు పోగొట్టొద్దు

2007లో యూకాస్ దాదాపు 50,000 స్టేట్‌మెంట్లను కంప్యూటర్‌తో పోల్చి చూసింది. ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్టుతో ప్రయోగాలు చేస్తూ పైజామాకు చిల్లు పెట్టుకున్నానని అందులో 234 మంది రాశారు. ముసలి తాతగారి అనారోగ్యం గురించి 175 మంది ఒకే తరహాలో రాశారు. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాల పని ఇది. ఇప్పుడు వచ్చే ప్రతి స్టేట్‌మెంటునూ యూకాస్ పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తుంది, పోలిక కనిపిస్తే విశ్వవిద్యాలయాలకు చెబుతుంది.

ఆ 234 మందీ మోసగాళ్లు కారు. మొదటి వాక్యం అదిరిపోవాలని ఎవరో చెప్పి ఉంటారు, భయపడి అరువు తెచ్చుకున్నారు. మీ పిల్లలకు ఆ భయం పెట్టకండి. మధ్యలోంచి రాయమనండి. మొత్తం అయ్యాక మొదటి పేరా కొట్టేసి చదవండి. చాలాసార్లు అసలు మొదలు రెండో పేరాలోనే ఉంటుంది. గాంధీ, కలాం, ఐన్‌స్టీన్ మాటలతో మొదలుపెట్టడం వద్దు. ఉన్న కొద్దిపాటి చోటు ఇంకొకరికి ఎందుకు ఇవ్వాలి?

అలాగని తాతగారి గురించి రాయకూడదనీ కాదు. ఒక ఇంట్లో నాయనమ్మకు షుగరు, బీపీ అనుకోండి. చదువు రాదు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గుర్తుండక తడబడుతోంది. మనవరాలు అట్టముక్క మీద సూర్యుడు, అన్నం పళ్లెం, చంద్రుడు బొమ్మలు వేసి, ఒక్కోదాని పక్కన మాత్ర రంగు దిద్దింది. నెల బాగా నడిచింది. తర్వాత మెడికల్ షాపతను అదే మందు వేరే కంపెనీది ఇచ్చాడు, రంగు మారింది, నాయనమ్మ రెండు రోజులు మాత్ర మానేసింది. అప్పుడా పిల్ల రంగులు తీసేసి, ప్రతి నెలా కొత్త ఖాళీ స్ట్రిప్పు అతికించడం మొదలుపెట్టింది. ఇది తాతగారి అనారోగ్యం లాంటి విషయమే. కానీ 175 మందిలో ఇంకెవరూ ఇది రాయలేరు. తాను అనుకున్నది ఎందుకు పనిచేయలేదో చూసి మార్చుకున్న పిల్ల ఇది. మెడిసిన్ అయినా, డిజైన్ అయినా, కంప్యూటర్స్ అయినా ఇలాంటి విద్యార్థిని ఎవరు వద్దంటారు?

6. బాధ రాయాలా, వద్దా?

నాన్న పోయిన పిల్లలు, అప్పులతో ఇల్లు అమ్ముకున్న ఇంటి పిల్లలు, మానసికంగా నలిగిపోయి హాస్టల్ వదిలి వచ్చిన పిల్లలు ఉంటారు. “అది రాస్తే సీటు గ్యారంటీ” అనేవాళ్లూ చుట్టూ ఉంటారు. ఆ మాట వినకండి. పిల్లల దుఃఖం సీటుకు పెట్టుబడి కాదు.

రాయాలా వద్దా అన్న నిర్ణయం పూర్తిగా పిల్లలదే. మీరు అడగాల్సింది ఒకటే: “ముక్కూ మొహం తెలియని వాళ్లు ఇది చదువుతారు, నీకు ఫర్వాలేదా?” కొంచెం తటపటాయించినా ఆ అంశం వదిలేయండి. రాస్తానంటే, బాధకు నాలుగో వంతు చోటు చాలు. మిగతాదంతా ఆ తర్వాత తను చేసిన పనులకు ఉండాలి. ఇల్లు గడవడానికి ఏం చేసింది, చదువు ఎలా పట్టు తప్పకుండా చూసుకుంది, ఎవరి సాయం అడిగింది. సాయం అడగడం కూడా చెప్పుకోదగ్గ పనే.

ఇంకో సంగతి. జరిగింది కథగా చెప్పుకోవడం ఇష్టం లేదు, కానీ దానివల్ల ఒక ఏడాది మార్కులు తగ్గాయి, అది వాళ్లకు తెలియాలి. దానికి కామన్ యాప్‌లో వేరే చోటుంది. కష్టాలు, పరిస్థితులు చెప్పుకోవడానికి 250 పదాల పెట్టె ఒకటి, అదనపు సమాచారానికి 300 పదాల పెట్టె ఇంకొకటి. అక్కడ ఏ అలంకారం లేకుండా, తేదీలతో, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. మన ఇంటర్ హాస్టళ్ల దినచర్య ఎలా ఉంటుందో, అందువల్ల వేరే కార్యక్రమాలకు ఎందుకు చోటు దొరకలేదో చెప్పడానికీ అదే చోటు. చదివేవాళ్లకు మన పద్ధతులు తెలిసి ఉండాలని లేదు. ఫిర్యాదులా కాకుండా సమాచారంలా చెప్పమనండి.

7. దిద్దేటప్పుడు మీ పెన్నుకు రెండే పనులు

మొదటి డ్రాఫ్టు మీ చేతికొచ్చింది. ఎర్ర పెన్ను తీయాలనిపిస్తుంది. తీయండి, కానీ రెండే గుర్తులు పెట్టండి. మీ పిల్లవాడి గొంతు వినిపించిన చోట గీత. అర్థం కాని చోట ప్రశ్నార్థకం. అంతే. వాక్యాలు తిరగరాయకండి. మీరు ఒక్క వాక్యం మారిస్తే మిగతా వాక్యాలు దాని పక్కన వెలవెలబోతాయి, వాడికి తన రాత మీద నమ్మకం పోతుంది. తర్వాత వాడితో పైకి చదివించండి. నాలుక తడబడిన చోట వాక్యం బాగా లేదని వాడికే తెలుస్తుంది. పెద్ద అక్షరాలు, స్పెల్లింగులు, కామాలు చివరి రోజు చూసుకోవచ్చు.

ఇద్దరికి చూపిస్తే చాలు. ఒకరు పిల్లవాణ్ణి బాగా ఎరిగినవాళ్లు, ఒకరు అసలు ఎరగనివాళ్లు. ఎరిగినవాళ్లు “ఇది నువ్వేనా?” అన్నది చెబుతారు. ఎరగనివాళ్లు “ఇది అర్థమైందా?” అన్నది చెబుతారు. డాలస్ బాబాయి, లండన్ మేనమామ, బెంగళూరు వదిన, ట్యూషన్ మాస్టారు అందరికీ పంపితే తలా ఒక మార్పు చెబుతారు. అందరి మాటా విని దిద్దిన వ్యాసంలో చివరికి పిల్లవాడు మిగలడు.

కన్సల్టెన్సీకి వెళ్తే తేదీలు, ఫీజులు, వీసా కాగితాల గురించి అడగండి. వ్యాసం రాసిస్తామంటే వద్దనండి. ఏఐ సంగతీ అంతే. ఏఐ రాసిచ్చినదాన్ని తన రాతగా పంపడాన్ని కామన్ యాప్ మోసాల జాబితాలో చేర్చింది. తమ దగ్గరా అది మోసం కిందికి రావచ్చని యూకాస్ చెబుతోంది. ఆ భయం అలా ఉంచండి, ముఖ్యమైన నష్టం ఇంకొకటి ఉంది. దోసె సంగతి, అట్టముక్క సంగతి ఏ యంత్రానికీ తెలియవు. మీ ఇంట్లోనే తెలుసు.

8. తేదీలు గోడ మీద రాసుకోండి

కామన్ యాప్ కొత్త ఏడాదికి ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు అప్లికేషన్లకు చాలా చోట్ల నవంబరు 1 గడువు. మామూలువాటికి ఎక్కువగా జనవరి మొదటి వారం. యూకాస్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇంకా మెడిసిన్ కోర్సుల్లో చాలావాటికి అక్టోబరు 15. మిగతావాటికి జనవరి మధ్యలో.

మీ పిల్లలు జేఈఈ కూడా రాస్తుంటే, జనవరి సెషన్ ఈ గడువుల వెనకే వస్తుంది. ఆ వెంటనే ప్రాక్టికల్స్, ఇంటర్ పరీక్షలు. డిసెంబరులో కూర్చుని వ్యాసం రాయమనడం వాళ్లకు శిక్ష. జూనియర్ ఇంటర్ అయ్యాక వేసవిలో మాటలు మొదలుపెట్టండి. రికార్డింగులు జూన్‌లో, మొదటి డ్రాఫ్టు జూలైలో, దిద్దుబాట్లు దసరా సెలవుల్లో పెట్టుకుంటే నిద్రలు పాడు కావు. హాస్టల్లో ఉంటే ఔటింగుకు ఇంటికొచ్చిన ఆదివారాలు వాడుకోండి. ఒక్కో ఆదివారం ఒక గంట చాలు. అంతకంటే కూర్చోబెట్టకండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. భోజనాలయ్యాక టీవీ ఆపి, ఫోన్ పక్కన పెట్టి, పైన చెప్పిన ప్రశ్నల్లోంచి ఏదో ఒకటి అడగండి. జవాబు రావడానికి టైమ్ పడితే పట్టనివ్వండి. మధ్యలో అందుకుని మీరు చెప్పొద్దు.